నల్లా వచ్చేదాకా సాఫ్ట్‌నర్ వద్దు

నిజామాబాద్

బోధన్‌లో మోటార్లూ, నీళ్ల మిషన్లూ అమ్ముకుంటూ జనం అవసరాల మీద బతుకుతున్న బామ్మర్ది సురేందర్‌కు, అర్హత లేకపోయినా, బావ దేవిదాస్ దీవెనలు.

నీకు ఫోన్ చేస్తే నువ్వెత్తేలోపు మీ షాపు ప్రకటన వినాల్సి వస్తోంది. అందుకే ఉత్తరం. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

విషయం మా బోరు నీళ్లు. బిందెకు తెల్లగా సున్నం కడుతోంది, గీజర్ కాలిపోయింది, కందిపప్పు కుక్కర్ ఎంత అరిచినా ఉడకదు. మీ అక్క పుష్పలత దువ్వెన నా ముందు పెట్టి రాలిన వెంట్రుకలు చూపిస్తోంది, నేనే పీకినట్టు. నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్ మిషన్ కొనాలట. ఏది మంచిదో నిన్ను అడగమంది.

నేను అడగను. మున్సిపాలిటీ మంచినీళ్ల పైపు మా రోడ్డు మలుపు దాకా వచ్చి ఆగింది. ఎందుకాగింది? ఇటువైపు ఇళ్లున్నవాళ్లు తలా ఒక మిషన్ కొనుక్కుని నోరు మూసుకున్నారు కాబట్టి. మరి వెనక గల్లీలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఏం కొంటారు? అందుకే వాళ్లందరితో కలిసి అర్జీ పెట్టాను. మొదటి సంతకం నాది, రెండోది ఆ గల్లీ హన్మవ్వది. "సారూ, నువ్వు ముంగట నడువు, మేం ఎనక ఉంటం" అంది. "ప్రతి ఇంటికీ నల్లా" అని ఫ్లెక్సీలు కూడా కొట్టించాం. అలాంటి ఇంట్లో మిషనా? నల్లా వచ్చేదాకా వద్దు. మీ అక్కకు అమ్మావో, మన చుట్టరికం తెగిపోతుంది.

నీ బావ,
దేవిదాస్

తా.క.: ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను, ఆ మిషన్ ఎంత ఉంటుంది? మీ అక్క దాచిపెడితే కనబడుతుందా?

*

బోధన్

పోరాటాల బావకు సురేందర్ దండాలు.

నీ ఉత్తరం గిరాకీ ముంగట గట్టిగ చదివిన. గిరాకీ లేచిపోయింది. సంతోషమేనా?

అమ్మొద్దన్నవు, సరే. సలహా ఫ్రీగ చెప్త. పైపుకు అయస్కాంతం కట్టే రకం ఎవడన్న తెస్తే కొనకు, అది తాయత్తు కట్టుకున్నట్టే. తాయత్తులు మోసమని పుస్తకం రాసినోనివి నువ్వు. ఉప్పు పోసే రకమే అసలుది. లోపల సన్నగుండ్లు ఉంటయి, నీళ్లల్ల సున్నాన్ని పట్టుకుంటయి. అప్పుడప్పుడు ఉప్పునీళ్లతోని కడిగితే మళ్ల పనిజేస్తయి. ఇంట్ల ఎందరున్నరు, నీళ్లల్ల సున్నం ఎంతున్నది, గివి జూసి సైజు తీస్కోవాలె.

నీ పోరాటం మంచిదే బావా. ఈడ మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ తెరువాలని మేం గూడ మస్తు ఫ్లెక్సీలు కట్టినం. చినిగినంక గడ్డివాముల మీద కప్పుకున్నం. నల్లా వచ్చేదాక మా అక్క నెత్తి మీద దువ్వనీకి ఏమన్న మిగులాలె గద.

నీ బామ్మర్ది,
సురేందర్

తా.క.: మిషన్ గ్యాస్ సిలిండర్ కన్న కొంచెం పొడుగుంటది. దాచాలంటే దాచొచ్చు. ఊరికే చెప్తున్న.

*

నిజామాబాద్

ఓడిపోయిన వ్యాపారికి, గెలిచిన బావ నుంచి.

వరంగల్‌లో మా హేతువాద సంఘం మహాసభలు చూసుకుని ఇంటికొచ్చి స్నానం చేస్తే, ఎంత కడిగినా సబ్బు నురగ పోదు! పప్పు వెన్నలా ఉడికింది. ఇదేమిటంటే మీ అక్క గోడ వైపు చూస్తూ, "ఏమో, నీ అర్జీ పనిజేసిందేమో" అంది. పెళ్లయినప్పటి నుంచి నా అర్జీని ఆమె మెచ్చుకోవడం ఇదే మొదలు.

వెంటనే గల్లీకి పరుగెత్తాను. హన్మవ్వ తునికాకు కత్తిరిస్తూ, "మా బోరింగుల గవే సున్నం నీళ్లు సారూ. నీకొక్కనికే ఎట్లొచ్చినయి?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను చూసిన చూపు ఉందే! అప్పుడు అర్థమైంది కుట్ర. నాయకుడికి ఒక్కడికే గుట్టుగా పైపు కలిపి నోరు మూయించాలని చూస్తున్నారు. నేను అమ్ముడుపోయేవాడినా? మున్సిపల్ ఆఫీసుకు పోయి బల్ల గుద్ది చెప్పాను: "మా ఇంటి నీళ్లే పరీక్ష చేయండి. మీ లంచం మీ సీసాలోనే దొరుకుతుంది!" సోమవారం ఇంజనీరు వస్తున్నాడు.

గర్వంతో,
దేవిదాస్

తా.క.: మీ అక్కకు ఉద్యమం మీద గౌరవం పెరిగింది. ఒక ఫ్లెక్సీని మేడ మీద ట్యాంకు పక్కన దేనికో భద్రంగా చుట్టిపెట్టింది. ఆవకాయకని బస్తా ఉప్పు తెప్పించింది. అన్ని కాయలు ఎక్కడ దొరికాయో.

*

బోధన్

బావా,

దండాలు తర్వాత. మీ ఇంటి నీళ్లు పరీక్షకు ఇయ్యకు. హన్మవ్వ బోరింగువి ఇయ్యి. ఎందుకని అడుగకు, నాతోని ఒట్టు పెట్టించుకున్నరు. ఎవరని గూడ అడుగకు.

ఆగమాగంల,
సురేందర్

తా.క.: ఒకసారి మేడ మీదికి పోయిరా. గాలి మంచిగుంటది.

*

నిజామాబాద్

సురేందర్‌కు,

నీ ఉత్తరం ఇంజనీరు వచ్చిపోయాక అందింది. ముందే అందినా వినేవాడిని కాదు. వ్యాపారి కడుపుమంట అనుకునేవాడిని.

ఆరోజు హన్మవ్వ కొంగు దోపుకుని "ఇటు రా సారూ" అని ఇంజనీరును బోరింగు వైపు తీసుకుపోతోంది. నేనే అడ్డం నిలబడి, మొదటి సంతకం నాది, మా ఇంటివే తీసుకోండి అన్నాను. కాగితం వచ్చింది: అర్జీదారుకు పైపు కనెక్షన్ లేదు, ఆయన బోరు నీళ్లే మెత్తగా వాడకానికి బాగున్నాయి, కాబట్టి ఈ వైపు పైపు అక్కర్లేదు. గల్లీ మొత్తానికి నల్లా పోయింది.

అప్పుడు మేడెక్కాను. "ప్రతి ఇంటికీ నల్లా" విప్పితే లోపల మిషన్, దాని మీద నీ షాపు స్టిక్కర్. మీ అక్క మీద అరిచాను. "పప్పు ఉడికితే నీ పోరాటం, ఉడకకపోతే నా చేతగానితనం. అర్జీ ఏసి అన్నం వండుతవా?" అంది.

ఇంజనీరును కలిశాను. ఇంట్లో మిషన్ ఉందని రాసిచ్చి, దాన్ని పక్కకు తీస్తే మళ్లీ పరీక్ష చేస్తానన్నాడు. ఆ మాట చెబుదామని గల్లీకి పోతే హన్మవ్వ తల కూడా ఎత్తలేదు. "ఆటోలకెళ్లి మిషన్ దించంగనే జూసినం సారూ. నువ్వే చెప్తవని ఊకున్నం. ఒక్క దినం తీయి. మల్ల పెట్టుకో, మేం ఏమనం" అంది.

ఒక్క రోజే. కానీ నువ్వే ఆలోచించు. నేను రాసిస్తే పేపరువాళ్లు ఊరుకుంటారా? పోరాడేవాడి ఇంట్లోనే సాఫ్ట్‌నర్ అంటే దెబ్బ నాకు కాదు, ఉద్యమానికి. కాబట్టి విశాల ప్రయోజనాల దృష్ట్యా, సరైన సందర్భం వచ్చేదాకా ఆగాలని నిర్ణయించాను. ఈలోగా ఇంటింటి మిషన్ల మీద ఘాటైన కరపత్రం రాస్తున్నాను. మొదటి ప్రతి హన్మవ్వకే ఇస్తాను.

నీ బావ,
దేవిదాస్

తా.క.: ఉప్పు అయిపోవచ్చింది, బస్తా పంపించు. ఆవకాయ రోజులు దాటాయి, హన్మవ్వ వాకిట్లోనే కూర్చుని ఉంటుంది. బస్తా కనబడకుండా పైన ఏదైనా చుట్టు. నీ దగ్గర లేకపోతే చెప్పు, మా ఫ్లెక్సీలు ఇంకా ఉన్నాయి.