రెండు బ్రేకులూ ఎడమచేతికే

శంషాబాద్,
13-11-1995

మణీ,

ముందు నీ క్షేమం అడిగి, తర్వాత సంగతులు రాయడం మర్యాద. ఈసారి ఆ వరస తప్పిస్తున్నాను. రెండు నెలలుగా నీ దగ్గర ఒకటి దాచాను. లేతు మిషన్ మీద నా కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి, చూపుడువేలు, మధ్యవేలు. తప్పు నాదే. మిషన్ ఆపకుండా ఇనుపరజను చేత్తో తుడవబోయాను. నెలలు నిండుతున్నదానివి, బెంగపెట్టుకుంటావని రాయలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, అది అబద్ధం. ఈ చేతిని నువ్వు చూడటం నాకిష్టం లేకపోయింది. అప్పట్నుంచీ నన్ను స్టోర్సులో కూర్చోబెట్టారు. ఎలాగూ మీ నాన్నగారు బట్టల కొట్టు చూసుకోమంటున్నారు కదా, తణుకు వచ్చేద్దామని రాజీనామా కూడా రాసుకున్నాను.

నిన్న ఆదివారం కొండల్, సత్తయ్య నన్ను సైకిళ్ళ మీద అనంతగిరి కొండలకు లాక్కెళ్ళారు. కొండల్ నీకు తెలిసినవాడే, మా కొత్తూరు ఫ్యాక్టరీలో ఫిట్టరు. సత్తయ్యది కొత్వాల్‌గూడ, వెల్డింగు పని, యాభై దాటాయి. నేను రాను మొర్రో అన్నా వినలేదు. నా సైకిలు శనివారమే తీసుకెళ్ళి తుడిచి, నూనె వేసి గుమ్మంలో పెట్టాడు కొండల్.

చేవెళ్ళ దాటేసరికి ఎండెక్కింది. వికారాబాదు దాటి కొండ మొదలయ్యాక సత్తయ్యను ముందు పెట్టి, ఆయన ఎంత మెల్లగా తొక్కితే మేమూ అంత మెల్లగా తొక్కాం. అంత పెద్దమనిషి ఒక్కసారి కూడా దిగలేదు మణీ. జొన్నరొట్టెల మూట హ్యాండిలుకు ఊగుతుంటే, సీటు మీంచి లేచి పళ్ళు బిగించి తొక్కుతున్నాడు. ఆయన్ని చూసి సిగ్గేసి నేనూ దిగలేదు. పైన ఆ చెట్ల నీడలో, రెండు నెలల తర్వాత నాకు నిజంగా ఆకలేసింది. మూడు రొట్టెలు తిన్నాను.

దిగేటప్పుడు మాత్రం సైకిలెక్కకుండా నిలబడిపోయాను. ముందు చక్రం బ్రేకు కుడిచేతిది, ఆ చేతికి పట్టు లేదు. కిందంతా మలుపులు. నేను నడిపించుకుని వస్తాను, మీరు పొండి అన్నాను. కొండల్ నవ్వలేదు, జాలీ పడలేదు.

"అన్నా, ఆ కుడి బ్రేకు ఉత్తదే. రెండు బ్రేకులు ఎడమచేతికే కలిపిన. పొద్దుగాల్నుంచి గట్లనే తొక్కుతున్నవ్" అన్నాడు.

వంగి చూస్తే నిజమే. అంత దూరం వచ్చి నేను గమనించనే లేదు. వాడి పద్ధతే అంత. మిషన్ బాగుచేశాక ఒక షిఫ్టు నడిచేదాకా నోరు విప్పడు. పనిచేసేవాడు గొణగకపోతే బాగైనట్టే వాడికి. చెప్పకుండా చేసినందుకు నాలుగు తిట్టాను, పడ్డాడు. అలాంటి మనిషిని నేనింతవరకు చూడలేదు, ఇది రాస్తుంటే కళ్ళు తడుస్తున్నాయి.

ఆ మలుపులన్నీ సైకిలు మీదే దిగాను. రెండోది దాటాక గట్టిగా పాడానట కూడా, సత్తయ్య చెప్పాడు. వికారాబాదులో సైకిళ్ళు బస్సు మీద వేసుకుని వచ్చాం.

ఇవాళ సూపర్‌వైజరును మళ్ళీ లేతు మీదికి పంపమని అడిగాను. రేపట్నుంచి రమ్మన్నాడు. కొట్టుకు రానని మీ నాన్నగారికి నువ్వే చెప్పాలి. ఇక ఈ చేయి చూసి నీకేమనిపిస్తుందోనన్న భయం ఒక్కటే మిగిలింది. దానికి కొండల్ దగ్గర కూడా మందు లేదు.

నీ
చలపతి


తణుకు,
18-11-1995

శ్రీవారికి,

మీ రాత సెప్టెంబరులోనే మారిపోయింది. ముత్యాల్లా రాసే మనిషి అక్షరాలు పక్కకు ఒరిగిపోతుంటే, చేతికేదో అయిందని నాకు తెలియదా? కొండల్ అన్నయ్యకు కార్డు రాశాను. ఉన్నదున్నట్టు రాసి, చివర "ఆయన నోటెంబడే రానీ చెల్లే, నువ్వు అడగకు" అన్నాడు. అందుకే అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో మీకు తెలియదు. చాలా ఏడ్చాను. కోపమూ వచ్చింది. అది ఇంకా ఉంది, వచ్చాక చూపిస్తాను. కొట్టు సంగతి నాన్నకు ఎప్పుడో చెప్పేశాను, మా ఆయన లేతు మనిషి, గుడ్డలు కొలవలేడని.

పాప పుట్టినట్టు టెలిగ్రాం అందే ఉంటుంది. రంగు మీది, మొండితనం నాది అంటోంది అమ్మ. నిద్రలో కూడా పట్టుకున్న నా వేలు వదలదు. దాని గుప్పిట్లో ఒక్క వేలే పడుతోంది. మీకింకా ఎనిమిది ఉన్నాయి, బయల్దేరి రండి.

మీ
నాగమణి