బెల్లం అట్లలో కారం

ప్రత్తిపాడు

అమ్మకు, దివ్య రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం.

మొన్న ఫోన్లో నా గొంతు విని ఏడుస్తున్నానని బెంగపడ్డావు. అందరూ పక్కనే ఉంటే సంగతి చెప్పడానికి నాకు సిగ్గేసింది. అందుకే ఈ కార్డు. నాన్నను వీళ్ళ మీదికి తగాదాకు పంపకు. నన్నెవరూ ఏమీ అనలేదు.

ఆ రోజు అత్తయ్యకు నడుం పట్టేసి, మొదటిసారి పొద్దుటి టిఫిను నాకు అప్పజెప్పారు. నీలాగే బెల్లం అట్లు పోశాను. కానీ ముందురోజంతా మిరపకాయలకు తొడిమలు తీశాను కదా, ఎంత కడిగినా చేతుల ఘాటు పోలేదు. ఆ చేతులతోనే పిండి కలిపాను. మామయ్య ఒక ముక్క తిని, "ఏమ్మా, బెల్లంలో కూడా కారం కొట్టావా?" అన్నారు. నాకు కళ్ళ నీళ్ళొచ్చి, అదే చేత్తో తుడుచుకున్నాను!

అత్తయ్య నడుం నొప్పి మరిచి చెంబుతో పరిగెత్తుకొచ్చారు. "పిచ్చిమొహమా, మిరపకాయల రోజుల్లో పిండి గరిటెతో కలుపుకోవాలే!" అంటూ నా కళ్ళు కడిగారు. సరిగ్గా అప్పుడే నీ ఫోను వచ్చింది. ఆ అట్లు పారెయ్యకుండా ఇద్దరూ పెరుగు నంజుకుని తినేశారు. మామయ్యైతే ఇప్పటికీ తలచుకుని నవ్వుతున్నారు.

గేదె ఈనిందా? మోకాలికి నూనె రాస్తున్నావా? గ్లాసు గోధుమపిండికి బెల్లం ఎంత వేస్తావు? నా అట్లు అంచులు మాడాయి.

వచ్చే ఆదివారం కూడా నన్నే పొయ్యమన్నారు అత్తయ్య. నాన్నకు నన్ను చూడాలనుంటే ఆ పొద్దున ఖాళీ కడుపుతో రమ్మను. అమ్మమ్మకు నా దణ్ణాలు.

నీ దివ్య