సంబంధం అన్న గడిలో

కొండాపూర్,
21-2-1999.

అమ్మకు,

నవ్య నమస్కారాలు. నేను బాగున్నాను. ఈసారి ఈ మాట అలవాటుగా రాయడం లేదు, నిజంగానే బాగున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పాఠాలు చెప్పేటప్పుడు కాసేపైనా కూర్చుంటున్నావా?

అన్నం సరిగ్గా తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. కాకపోతే ఈ హైటెక్ సిటీ క్యాంటీన్ సాంబారు తియ్యగా ఉంటుంది, మన ప్రొద్దుటూరు కారం లేక నాలుక చప్పబడిపోయింది. పోయిన ఆదివారం ఫోన్లో ముద్దముద్దగా మాట్లాడానేమనీ అడిగావు. ఎస్టీడీ బూత్‌లో లైను బాగాలేదన్నాను కదా, అది అబద్ధం. కోప్పడకుండా చదువు.

ఆ పన్ను తీయించేశాను.

పన్ను పీకిస్తే చూపు పోతుందని నువ్వు భయపెడితే నెల రోజులు లవంగాలతోనే నెట్టుకొచ్చాను. చివరికి దవడ వాచి నోరు తెరుచుకోలేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. జ్ఞానదంతం పైకి రావడానికి చోటు లేక, చిగుళ్ల కింద అడ్డంగా పడుకుని పక్క పన్నును నెడుతోందట. కంటి నరం దారి వేరని బొమ్మ గీసి మరీ చెప్పింది. చూపు బాగానే ఉంది, బెంగపడకు.

ఇంకో సంగతి ఉంది. కోసేముందు ఒక కాగితం ఇచ్చి, ఇంట్లోవాళ్ల సంతకం కావాలన్నారు. నాకు తోడొచ్చింది మా ఇంటి ఓనరు చంద్రమ్మ. "జర ధైర్యం చెయ్ బిడ్డా, నేనున్న గదా. ఇంటామె అని రాస్తే ఒప్పుకుంటరా?" అంది. సంబంధం అన్న గడిలో నేనే, నా చేత్తోనే 'తల్లి' అని రాశాను. ఆమె కూడబలుక్కుంటూ పక్కన పేరు రాసింది. మత్తు సూది గుచ్చుతుంటే "అమ్మా" అన్నాను. నిన్నే పిలిచాను. "ఏం బిడ్డా" అని ఆమె పలికింది.

గదికొచ్చాక నొప్పికంటే ఆ కాగితమే గుర్తొచ్చి ఏడ్చాను. చెబితే ఉద్యోగం మానేసి వచ్చేయమంటావని దాచాను. అంతకుముందు పన్ను నొప్పి అన్నప్పుడు నువ్వు వస్తానంటే నేనే వద్దన్నాను గానీ, తీయించిన రోజంతా తలుపు వైపే చూశానమ్మా.

కుడివైపు కూడా అలాంటిదే ఉందట, వచ్చే నెల తీయాలి. నేనింకా తేదీ చెప్పలేదు. ఉగాదికి మీ బడికి సెలవు కదా, ఆ మర్నాటికి రాయించుకుంటాను. నువ్వొచ్చి సంతకం పెట్టు.

ఇట్లు,
నీ కూతురు
నవ్య