అమ్మ మంచం పలకలు, అన్న కొన్న బిగింపులు

కడప. శుక్రవారం, పడుకునే ముందు.

అన్న మీద కోపం ఇంకా చల్లారలేదు.

అమ్మ పోయినాక ఆమె మంచం విప్పి, ఆ టేకు పలకలతో చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల చేద్దామన్నది నేను. బంక ఆరేదాకా పలకలను అదిమి పట్టడానికి పొడుగు బిగింపులు కావాలని నిన్న ఇనుప సామాన్ల అంగట్లో అన్న చెవిలో చెప్పాను. అంగడాయన విని నవ్వాడు.

"ఏమప్పా, మీ ఇంట్లో వడ్రంగం ఆడపిల్ల నేర్పిస్తాండాదా?"

అంతే, అన్న పక్కనే నిగనిగలాడుతున్న పొట్టివి తీసుకున్నాడు.

ఈ పొద్దు బంక పూశాక చూస్తే అవి బల్ల వెడల్పుకు చాలలేదు. తాడు చుట్టి పుల్లతో మెలి వేసేలోగా బంక గట్టిపడింది. పలకల మధ్య సందు అట్లే ఉండిపోయింది.

"అంగట్లో గట్టిగా చెప్పింటే ముత్యాలు రాలిపోతాయా మే?" అన్నాడు.

గట్టిగా చెప్పి ఉంటే ఇంటికొచ్చి ఏమనేవాడో నాకు తెలుసు.

రేపు పలకలు ఊడదీసి, బిగింపులకు సరిపోయేటట్టు కోస్తాడంట. "చిన్న బల్లయితే ప్రభువు రాడా?" అని నవ్వాడు కూడా. బిగింపులు మార్చుకొని రావడానికి మాత్రం సిగ్గు. ఆ అంగడాయన మళ్ళీ నవ్వుతాడని అమ్మ పలకలు కోయాలా!

కోపం వస్తే ప్రార్థన చేయమనేవారు కాన్వెంటు సిస్టర్లు. ఈ రాత్రి చేయలేదు.

రంపం నా మంచం కింద ఉంది. పొద్దున అడిగితే తెలియదని అబద్ధం చెప్పను. ఇవ్వనని చెప్తాను. వీధిలోకి వినబడేటట్టు చెప్తాను.