అమ్మకు తగలని ఫ్యాను గాలి

సురబాయ, అక్టోబరు 9

తమ్ముడు వగిమాన్‌కు, నా ఒళ్లు బాగానే ఉంది, మండుతున్నది కడుపే.

మొన్న మధ్యాహ్నం అమ్మ ఉక్కకు తాళలేక గదిలోనే కళ్లు తిరిగి పడిపోయిందట. నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఐసు అమ్మే కర్సినీ పిన్ని ఇక్కడి సంతకొచ్చి చెప్పింది.

"నేను పంపిన సీలింగు ఫ్యాను తిరగట్లేదా పిన్నీ?" అన్నాను.

"తిరుగుతోందే అమ్మాయ్, కిందికి గాలే రాదు! సూటిగా తగిలితే మీ అమ్మ ఒంట్లోకి గాలి దూరి జబ్బు చేస్తుందని నీ తమ్ముడు రెక్కలు ఎదురు తిరిగేలా దాని మీది మీట మార్చేశాడు. గాలంతా పైకే. కిటికీలూ మూసేశాడు" అంది.

పైగా దూరిన గాలి బయటికి పోవాలని, నూనె రాసి నాణెంతో అమ్మ వీపంతా కమిలిపోయేలా గీకావట!

ఒరేయ్, నేను ఫ్యాను పంపింది పెంకులకు విసరడానికా? ఫ్యాను గదిని చల్లబరచదురా, చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితేనే చల్లన. ఈ కార్డు అందగానే ఫ్యాను ఆపి, ఆ మీట మళ్లీ మార్చు. మంచం సరిగ్గా దాని కిందికి లాగు. పొద్దు వాలగానే కిటికీలు తెరువు.

అమ్మ కొబ్బరినీళ్లు తాగుతోందా? వీపు మంట తగ్గిందా? నా కోపం తగ్గించడానికి ఎండుచేపలు పంపకు.

ఆదివారం బస్సుకు వస్తున్నాను. అప్పటికీ గాలి పైకే పోతుంటే, నాణెం నా దగ్గరా ఉంది, వీపు నీకూ ఉంది.

అమ్మకు దండాలు. నీకు దీవెనలు ఫ్యాను చూశాకే.

అక్క సుమార్ని