నరేందర్ కోసం నాలుగు కిలోలు

అక్టోబర్ 9, గురువారం
నా కిడ్నీ తమ్ముడు నరేందర్‌కు సరిపోతదట. బ్లడ్ గ్రూపు కలిసింది, మ్యాచింగ్ కలిసింది. చెల్లె హిమజకు షుగర్ ఉన్నది. నరేందర్ భార్య ధనశ్రీది వేరే గ్రూపు. ఇంక మిగిలింది నేనే. సంతోషమే.

కానీ డాక్టర్ నన్ను బరువు మిషన్ ఎక్కించిండు. డెబ్బై ఆరు. ఈ బరువు మీద కోస్తే మీకు రిస్కమ్మా, తర్వాత ఉన్న ఒక్క కిడ్నీ మీద గూడ భారమే అన్నడు. నాలుగు కిలోలు తగ్గాలె. నవంబర్ 11కు మళ్లీ టెస్టులు.

నరేందర్ నేల చూసుకుంట కూర్చున్నడు. ధనశ్రీ నా పొట్ట దిక్కు చూసింది.

అక్టోబర్ 10
మా ఇంటాయనకు చెప్పిన. నాలుగు కిలోలే గద, అదే మాటలు తగ్గించుమంటే కష్టమయ్యేది, నీకాడ తగ్గించేటందుకు మాటలే లేవు గద అని నవ్విండు. జరసేపటికి నవ్వు ఆగింది. పెద్దదానివని ప్రతిసారి నువ్వేనా అన్నడు. నేను లేచి దీపం ముట్టించిన.

రాత్రి అన్నం బందు. జొన్నరొట్టె, ఆకుకూర.

అక్టోబర్ 14
హిమజ పొద్దుగాల్నే బోడుప్పల్ నుంచి వస్తున్నది, నన్ను నడిపియ్యనీకి. గల్లీలల్ల కుక్కలు. అందుకే ఉప్పల్ రింగ్ రోడ్డు స్కైవాక్ మీద తిరుగుతున్నం. సెక్యూరిటీ ఆయన ఆపి, ఎటు దిగాలమ్మా, ఇంతసేపటి నుంచి దారి దొరుకుతలేదా అని అడిగిండు. దారి ఎప్పుడో దొరికింది, మా అక్క నడుమే దొరుకుతలేదు అన్నది హిమజ. చానా రోజులకు గట్ల నవ్విన.

అక్టోబర్ 20, దీపావళి
అందరం తమ్ముడింట్ల. హిమజ నా ప్లేట్ల ఒక బూరె వేసింది. ధనశ్రీ వచ్చి తీసేసింది. వదినా, మీకు ఒక బూరె అంటే ఆయనకు ఒక నెల ఆలస్యం అన్నది. అందరూ విన్నరు.

నరేందర్ పండుగ అన్నం వదిలి లేచిండు. మా అక్క ప్లేట్ల చెయ్యి పెడతవా అని అరిచిండు.  నాకైతే ఆమె మాటల తప్పు కనబడలేదు.

ఇంటికొచ్చినంక ఏడుపొచ్చింది.

అక్టోబర్ 23
ధనశ్రీకి పోచారంల ఆఫీసు. నరేందర్ డయాలసిస్ కాడ నేను కూర్చున్న. వాణ్ణి గూడ ముందుగాల బరువు మిషన్ ఎక్కిస్తరు. మూడు కిలోలు ఎక్కువ. అంతా నీళ్లే. మూత్రం రాదు గద. మధ్యాహ్నం దాకా డయాలసిస్ మిషన్ ఆ నీళ్లను తీసేసింది. నా నాలుగు కిలోలు గూడ దీంట్లనే తీయించుకుంటనురా అన్న. వాడు నవ్వలేదు. నాలుక మీద ఐసు ముక్క పెట్టుకొని కండ్లు మూసుకున్నడు. రోజు మొత్తానికి వాడికి మూడు గ్లాసుల నీళ్లే.

చేతికున్న ఫిస్టులా, అదే డయాలసిస్ సూదులు గుచ్చే నరం, సరిగ్గ నడుస్తలేదని నర్సు నన్ను పక్కకు పిలిచి చెప్పింది. అది మూసుకపోతే మెడకు పైపు. పైపుతోని ఇన్ఫెక్షన్ వస్తే ఆపరేషన్ ఇంకా ఎనకకు.

ఇంటికొచ్చి నీళ్ల గ్లాసు ఎత్తిన. తాగకుంటనే కింద పెట్టిన.

నవంబర్ 2
డెబ్బై నాలుగు. వారం నుంచి ఆడనే ఆగింది.

నవంబర్ 8
ధనశ్రీ రోజూ వాట్సాప్‌ల అడుగుతది. గుడ్ మార్నింగ్ లేదు, తిన్నరా లేదు. ఎంతున్నది వదినా, అంతే. డెబ్బై మూడున్నర అని పెట్టిన. చూసింది.

నవంబర్ 10, కార్తీక సోమవారం, సాయంత్రం
నిన్నటి నుంచి నీళ్లు గూడ ముట్టలేదు. ఇంట్ల ఉపవాసం అని మాత్రమే చెప్పిన.

ఉపవాసం విడిచే చుక్క కనబడ్డది. అయినా గుడిల తీర్థం పుచ్చుకున్న, అంతే. రేపే టెస్టు. శివయ్యకు ఉపవాసం దక్కుతది, డాక్టర్‌కు బరువు దక్కుతది.

నవంబర్ 11
డెబ్బై రెండు! ధనశ్రీ ఆస్పత్రి కారిడార్లనే నన్ను పట్టుకొని ఏడ్చింది. బూరె గుంజుకున్నందుకు నాకు చేతులు కాలినట్టుంది వదినా అన్నది.

సాయంత్రం 6
ఫోనొచ్చింది. నా క్రియాటినిన్ ఎక్కువున్నదట. నా కిడ్నీల మీదనే అనుమానమట. పది రోజులకు మళ్లీ చేస్తరు. అప్పుడు గూడ గిట్లనే వస్తే నన్ను తీసుకోరు. వాడికి ఇంకెవరున్నరు?

నవంబర్ 12
డాక్టర్ రమ్మన్నడు. మందులేమన్న మింగిన్రా అని అడిగిండు. రెండు రోజులు నీళ్లు తాగలేదని చెప్పిన. పెన్ను కింద పెట్టిండు. మీరు తగ్గించింది బరువు కాదమ్మా, నీళ్లు అన్నడు. ఎండబెట్టిన కిడ్నీని తెచ్చి పరీక్ష చెయ్యమంటే ఎట్ల అన్నడు.

నరేందర్ పక్కనే ఉన్నడు.  వచ్చేటప్పుడు ఆటో నాచారం దాటంగనే ఒక్కసారిగ మొదలుపెట్టిండు. కలల గూడ నేను నీళ్ల నల్లా కిందనే కూర్చుంటనక్కా, పక్కింటోళ్ల ట్యాంకు నిండి కారుతుంటే ఆ సప్పుడుకు లేస్త, అసుంటిది నీ చేతిలున్న నీళ్లు నువ్వు వద్దంటవా అన్నడు. నీ కిడ్నీ నాకొద్దు అన్నడు. ఆటో ఆయన అద్దంల మమ్మల్నే చూస్తున్నడు.

నువ్వు ఎండుతుంటే నేను తాగాలంటే సిగ్గయితున్నదిరా అన్న. ఉపవాసం సాకే. ఈ మాట శివయ్యకు గూడ చెప్పలేదు.

నవంబర్ 13
పొద్దుగాల్నే నరేందర్ వచ్చిండు. వంటింట్లకు పోయి చెంబు నిండ నీళ్లు తెచ్చి నా ముందు పెట్టిండు. ఇంక తిండి, నీళ్లు మాననని మాట తీసుకున్నడు. తాగు, నేను చూస్త అన్నడు. తాగిన. ఆఖరి గుటక దాకా కన్ను తిప్పలేదు. నాతోపాటు వాడి గొంతు గూడ కదిలింది.

నవంబర్ 17
రోజూ వస్తున్నడు. చెంబు, వాడు, నేను.

నవంబర్ 21
క్రియాటినిన్ మంచిగొచ్చింది. బరువు మళ్లీ డెబ్బై మూడు. ఇంకొక్క కిలో, తినుకుంట తాగుకుంట తగ్గుమన్నడు డాక్టర్.

ధనశ్రీ ఫోన్ సంచిల పెట్టేసింది. రేపటి నుంచి నేను గూడ నడుస్త వదినా, ఆఫీసు బస్సు ఆడనే ఎక్కుత అన్నది. ఇంక వాట్సాప్‌ల అడగ అన్నది.

డిసెంబర్ 4
నరేందర్ ఫిస్టులా మూసుకపోయింది. మెడకు పైపు పెట్టిన్రు. సాయంత్రానికి చలిజ్వరం.

డిసెంబర్ 5
నడిచినం. ముగ్గురం.

డిసెంబర్ 7
జ్వరం దిగలేదు. డాక్టర్ ఏమీ చెప్తలేడు. అన్నం కాడ కూర్చుంటే ముద్ద పోతలేదు. మానెయ్యనీకి మస్తు సులువు. తిన్న. వాడికి మాటిచ్చిన.

డిసెంబర్ 13
జ్వరం దిగి మూడో రోజు. నేను డెబ్బై ఒకటీ తొమ్మిది వందల గ్రాములు. డాక్టర్ మిషన్ చూసి, నా ముఖం చూసి, నీళ్లు తాగే వచ్చిన్రా అని అడిగిండు. నేను జవాబు చెప్పేలోపల తాగింది, నేను సాక్ష్యం అన్నది ధనశ్రీ.

జనవరి 19, సోమవారం
రేపు పొద్దుగాల ఆపరేషన్. వాడు పక్క రూముల. భయమైతున్నదా అక్కా అని అడిగిండు. అవును అన్న. నాకు గూడ అన్నడు.

జనవరి 21
నరేందర్‌కు మూత్రం వచ్చిందట. సంచి నిండుతున్నదని ధనశ్రీ ఉరికొచ్చి చెప్పింది.

శివయ్యా, మూత్రం వచ్చిందన్న మాట నీకు సంతోషంగ చెప్పుడు ఇదే మొదలు.