ఫస్కలాస్ అనను

1937 సెప్టెంబరు 1
బడి తనిఖీకి అధికారి వచ్చారు. శ్రీరాముడు ఎలాంటి రాజని నా నాలుగో తరగతిని అడిగారు. నలభై గొంతులు ఒక్కసారిగా, నా ఊతపదమే: "ఫస్కలాస్!"
ఆయన నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.
తీర్మానం: నెల రోజులు ఆ మాట అనను. ఎవరికీ చెప్పను కూడా. దానికి బదులు: ప్రశస్తం, శ్రేష్ఠం, మనోహరం. చాలా సులువు!

సెప్టెంబరు 2, ఉదయం 7
చాయ్ శ్రేష్ఠమన్నాను. నా భార్య కళావతి నుదురు ముట్టి చూసింది. జ్వరం లేదు.

సెప్టెంబరు 4
శత్రువు పుట్టుక తెలియాలి కదా! కుంఠా నాకా కూడలి దగ్గర ఉండే లింగయ్య పెద్దనాయనను అడిగాను. మా నాయనతో కలిసి నేతపనికి ఈ సోలాపూర్ వచ్చినవాడు.
"రైల్ల మేం మూడో తరగతి. గోనెసంచుల తీర్గ కుక్కిన్రు. పక్క డబ్బాల మెత్తటి గద్దీలు! ఏందది అంటే గార్డు ఫస్ట్ క్లాస్ అన్నడు. మాకు నోరు తిరగలే. ఈడికొచ్చి మీ నాయన మొదటి చీర నేసిండు. మరాఠోళ్లు ఛాన్ అన్నరు, మంచిగుందని. నాకది సాలలే. ఫస్కలాస్ అన్న."
"ఆ డబ్బా ఎప్పుడైనా ఎక్కినవా?"
"గద్దీ మీద చెయ్యి వెట్టిన. గార్డు దింపిండు."

ఇక్కడ ఆ మాట రాశాను. రాయడం అనడం కాదు.

సెప్టెంబరు 6, మధ్యాహ్నం
జొన్నరొట్టె, పల్లీల చట్నీ. "ఫస్" వరకు వచ్చి దగ్గుగా మార్చాను. సగం మాట లెక్కలోకి రాదు.

సెప్టెంబరు 9
నాయన పోయాక ఆయన మగ్గం కళావతిది. నాలుగేళ్లుగా షావుకారు ఇచ్చిన నమూనాలే నేసింది. ఈసారి కొంగు మీద జొన్నకంకులు తనే ఊహించి వేసింది.
"ఎట్లుంది?"
"ప్రశస్తంగా ఉంది."
"అంటే?"
"మేలైనది."
"గంతేనా?"

సాయంత్రం 5
బడి నుంచి వచ్చేసరికి కంకులు లేవు. అడ్డంగా నేసిన పేక పోగులన్నీ ఊడదీసింది. మూరెడు నేత.
"సల్లారిన చాయ్‌ని గుడ ఫస్కలాస్ అంటవు. నా చీరకు పుస్తకం మాట. బాలేదని జెప్పలేకనే గదా?"
తీర్మానం సంగతి చెప్పాను. చాలాసేపు చెప్పాను. నూలు కండె మార్చుకుని పని మొదలుపెట్టింది. షావుకారు నమూనా.

సెప్టెంబరు 10
మాటల్లేవు. రొట్టె ఉంది.

సెప్టెంబరు 11
బడికి సెలవు పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. కండెలు చుట్టాను. మూడు పాడు చేశాను. "కంకులు మళ్లీ వెయ్యి" అన్నాను. పాడైన కండెలు నా వైపు తోసింది.

సెప్టెంబరు 14
తర్వాతి చీర కొంగు మీద కంకులు! ఈసారి రెండు వరుసలు.
నన్నేమీ అడగలేదు. నేనే అన్నాను: "ఫస్కలాస్!"
"మల్ల జెప్పు."
చెప్పాను. ఎన్నిసార్లో రాయను. తీర్మానం పోయింది.

సెప్టెంబరు 15
తీర్మానం మళ్లీ మొదలు. నెల రోజులు. ఈసారి కళావతికి ముందే చెప్పాను.
ఆమె మగ్గం మీద పడుగు పోగులు సరిచేస్తోంది. "ఇంకో చీర ఎక్కిచ్చిన. ఇది గుడ నా నమూనానే. మగ్గం దిగేదాంక ఆగు" అంది.
అందుకని తీర్మానం ప్రస్తుతానికి బళ్లో మాత్రమే. ఈరోజు మొదటి రోజు.